పదో గడిలో అసలేం రాసుంది?

దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మా డెల్టాలో మిల్లు గేటు ముందు ట్రాక్టర్ల వరస ఎలా ఉంటుందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గేటు దగ్గర మొదలై కాలువ గట్టు మీద ఎక్కడో తేలుతుంది. నెత్తిన ఎండ, సాయంత్రానికి మబ్బు పడుతుందేమోనన్న భయం, బండి దిగితే వరసలో చోటు పోతుందేమోనని ఇంకో భయం. అలాంటి రోజుల్లో పెనుగొండ వైపున్న ఒక మిల్లు నుంచి నాకు ఫోనొచ్చింది. కాటా దగ్గర చీటీ రావడానికి ఇరవై సెకన్ల పైన పడుతోందట. ఒక్కో బండికి రెండు చీటీలు: నిండు తూకం ఒకటి, ఖాళీ తూకం ఒకటి. డ్రైవర్లు తిట్టే తిట్లు ఫోన్లో నాకూ వినపడుతున్నాయి.

"డిస్కు పోయిందండి. కొత్తది వేయించాం కూడా. అయినా అదే టెన్షన్" అన్నారు ఓనరు గారి అల్లుడు.

నేను తణుకులో ఉంటాను. హైదరాబాదులో పదేళ్లు సర్వర్లు చూసుకుని, అమ్మకి ఒంట్లో బాగోక ఇంటికొచ్చేసి, ఇప్పుడు ఈ చుట్టుపక్కల మిల్లులకీ, మేత డీలర్లకీ, రెండు మూడు ఆసుపత్రులకీ కంప్యూటర్ల పని చేసిపెడుతుంటాను. మిల్లుకి వెళ్లి చూస్తే ఆఫీసు గది వెనక, తవుడు దుమ్ము పట్టిన బల్ల మీద లినక్స్‌తో నడిచే కంప్యూటరు పెట్టె ఉంది. దాని పక్కన తెర మీద గుండ్రటి మీటరు బొమ్మ. ఎర్ర రంగు. డిస్కు వాడకం 97 శాతం. పాత తిరిగే డిస్కు ఉన్నప్పుడు అది వంద చూపించేదట. టౌన్లో ఒక షాపు వాళ్లు ఆ బొమ్మ చూసి, డిస్కు చాలట్లేదని తేల్చి ఎస్సెస్డీ, అంటే తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కు, అమ్మారు. దానికైన డబ్బు ఎంతో చెప్పను గానీ, ఆ డబ్బుకి చీటీ పాతిక సెకన్ల నుంచి ఇరవై ఒక్క సెకన్లకి దిగింది.

"నూటికి తొంభై ఏడు వాడేస్తోందంటే ఇక మూడే కదండీ మిగిలింది?" అని అడిగారాయన.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. ఆయన తప్పు అడగలేదు. శాతం అని రాసున్న ఏ అంకెనైనా మనం అలాగే చదువుతాం. తప్పు ఆ అంకెని ఎలా కొలిచారో పక్కన ఎక్కడా రాయకుండా ఎర్ర రంగేసి తెర మీద పెట్టినవాళ్లది. కొలిచిన విధానం రాయని అంకె కంటే అంకె లేకపోవడమే నయమని నా వాదన. అంకె లేకపోతే కనీసం ఇంకొకణ్ని అడుగుతాం.

ఆ మీటరు బొమ్మకి అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో ముందు చెప్తాను. లినక్స్‌లో ప్రాక్ అనే డైరెక్టరీలో డిస్క్‌స్టాట్స్ అనే ఫైలు ఉంటుంది. నిజానికది డిస్కు మీద ఉండే ఫైలు కూడా కాదు. మనం తెరిచిన క్షణంలో కెర్నెల్, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, తన లెక్కలు చూసి రాసిచ్చే చీటీ. ఒక్కో డిస్కుకి, దాన్ని విడగొట్టిన ఒక్కో పార్టిషన్‌కి ఒక్కో వరస. పేరు, నంబర్లు పోగా మొదట పదకొండు గడులు ఉండేవి. పూర్తయిన చదువుళ్లు ఎన్ని, పక్కపక్కనే ఉన్నాయని కలిపేసినవి ఎన్ని, ఎన్ని సెక్టార్లు చదివింది, దానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది: ఇవి నాలుగు. రాతలకీ ఇవే నాలుగు. తొమ్మిదోది ఈ క్షణాన చేతిలో ఉన్న పనులు. పదోది డిస్కు పనిలో ఉన్న కాలం. పదకొండోది ఆ కాలాన్నే చేతిలో ఉన్న పనుల సంఖ్యతో హెచ్చవేసి కూడుకుంటూ పోయే లెక్క.

తొమ్మిదో గడి ఒక్కటే పెరిగి, తరిగి, సున్నాకి వస్తుంది. మిగతావన్నీ మెషీన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి పెరుగుతూనే ఉంటాయి. జూన్ ఒకటి నుంచి బ్యారేజీ దాటి సముద్రంలో కలిసిన నీళ్లు ఇన్ని టీఎంసీలని పేపర్లో వేస్తారు చూడండి, అలాంటివి. ఆ టీఎంసీల అంకె చూసి ఈ పూట గోదారి ఎలా ఉందో ఎవరూ చెప్పరు. నిన్నటి అంకె తీసేసి చూడాలి. ఐఓస్టాట్ అనే కమాండు చేసేది ఆ తీసివేతే. కానీ దాన్ని ఊరికే ఒక్కసారి నొక్కితే వచ్చే మొదటి పట్టీ మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి సగటు. మిల్లులో అల్లుడు గారు చూపించిన స్క్రీన్‌షాట్లన్నీ ఆ మొదటి పట్టీలే. నాలుగు నెలల రాత్రులూ, మిల్లు మూసిన రోజులూ, దాళ్వా రద్దీ అంతా కలిపి పిండి కొట్టిన సగటు. ఈ సంగతి ఆ కమాండు మాన్యువల్లో స్పష్టంగా ఉంది. చదివేవాళ్లేరీ అనకండి, దానికి తర్వాత వస్తాను.

సెక్టారు అన్న మాట దగ్గర ఒకసారి ఆగాలి. ఇక్కడ సెక్టారంటే ఎప్పుడూ 512 బైట్లే. ఇప్పటి డిస్కుల్లో చాలావాటి లోపలి ముక్క 4096 బైట్లు ఉంటుంది. అయినా ఈ లెక్కలో సెక్టారు 512 దగ్గర్నుంచి కదలదు. ఇది తెలియక 4096తో హెచ్చవేసి, డిస్కు ఎనిమిది రెట్లు పని చేస్తోందని రిపోర్టు రాసినవాళ్లని నేనెరుగుదును. మా రైతులకైతే ఇది రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. ఎకరానికి నలభై బస్తాలు పండిందంటే ఇక్కడ అర్థం 75 కిలోల బస్తా. కొనుగోలుకి వాడే గోనె సంచిలో పట్టేది 40 కిలోలే అయినా, నోటి లెక్కలో బస్తా 75 దగ్గర్నుంచి కదలదు. బస్తా వేరు, సంచి వేరు. ఆ తేడా ఎక్కడా రాసి లేదు, రాయక్కర్లేదు కూడా, ఎందుకంటే ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. డిస్కు దగ్గర పుట్టినవాళ్లు ఎవరూ లేరు. అందుకే అక్కడ రాసి ఉండాలి.

ఇక పదో గడి. ఆ ఎర్ర మీటరు ఇందులోంచే పుడుతుంది. గడిచిన పది సెకన్లలో పదో గడి ఎంత పెరిగిందో చూసి, పది సెకన్లతో భాగించి, శాతం అంటారు. అంటే అది చెప్పేది ఒక్కటే: ఆ కాలంలో ఎంతసేపు డిస్కు చేతిలో కనీసం ఒక్క పనైనా ఉంది. కనీసం ఒక్కటి. అల్లుడు గారికి అర్థమవడానికి నేను వాళ్ల మిల్లునే చూపించాను.

కాటా ఒకటే. దాని మీద ఒకసారి ఒక్క బండే ఎక్కుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాటా మీద ఎప్పుడూ బండి ఉందంటే కాటా నిండిపోయినట్టే. ఇంకో బండికి చోటు లేదు. ఇప్పుడు లోపల దిగుమతి చూడండి. బస్తాలు దించే ముఠాలు ఎనిమిదున్నాయి. వాటిలో ఏడు ముఠాలు చెట్టు కింద కూర్చుని, ఒక్క ముఠా మాత్రం ఒకదాని తర్వాత ఒకటి బండ్లు దించుతూ పోయిందనుకోండి. "దిగుమతి జరగని నిమిషం ఉందా?" అని అడిగితే లేదు. నూరు శాతం. ఖాళీ ముఠాలెన్ని? ఏడు.

పాత తిరిగే డిస్కు కాటా లాంటిది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు సూది కిందకి రావడానికి సగటున అందులో సగం, సూది జరగడానికి ఇంకొంత. అన్నీ కలిపితే చెల్లాచెదురుగా ఉన్న పనులు సెకనుకు వంద లోపే చేయగలదు. దానికి పదో గడి లెక్క దాదాపు సరిపోయేది. ఎస్సెస్డీ ముఠాల లాంటిది. సాటా తీగతో తగిలించిన డిస్కు కూడా ఒకేసారి 32 పనులు చేతిలో పెట్టుకోగలదు. ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకానికి ఆ హద్దు వేలల్లోకి వెళ్లిపోతుంది. దానికి పదో గడితో శాతం కట్టడమంటే ముఠాల పనిని కాటా లెక్కతో చూడటమే. ఐఓస్టాట్ మాన్యువల్ కూడా ఈ మాటే అంటుంది: పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి చేసే పరికరాలకే వంద దగ్గర పడితే నిండినట్టు, పలు డిస్కుల్ని ఒకటిగా కలిపే రెయిడ్‌లకీ కొత్త ఎస్సెస్డీలకీ ఈ అంకె వాటి హద్దును చూపించదు. ఆ మాట ఎర్ర మీటరు పక్కన ఎందుకు లేదు? చోటు లేక కాదు. ఎర్రగా కనపడితే ఫోనొస్తుంది, ఫోనొస్తే డిస్కు అమ్ముడవుతుంది. ఇది కాస్త కటువుగా ఉందని తెలుసు, అయినా తీసేయను.

సరే, ఆ మిల్లు డిస్కు సంగతేంటి? పది సెకన్ల తేడాతో తీసిన పట్టీలో సెకనుకు 3,100 చదువుళ్లు, ఒక్కోదానికి 0.31 మిల్లీసెకన్లు. రెండూ హెచ్చవేస్తే సెకనుకు 961 మిల్లీసెకన్లు, అంటే 0.96. అంటే ఏ క్షణాన చూసినా డిస్కు చేతిలో సగటున ఒక్క పని కూడా లేదు. ఈ హెచ్చవేతకి జాన్ లిటిల్ 1961లో రుజువిచ్చారు. వరసలో ఉన్నవాళ్ల సగటు సంఖ్య అంటే, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే కాలంతో హెచ్చవేస్తే వచ్చేదే. మిల్లు గేటుకీ అదే సూత్రం, తిరపతి క్యూకీ అదే. ఎవరో ఒకే ఒక్కడు ఒక చదువుడు అడిగి, అది వచ్చాక ఇంకోటి అడిగి, మళ్లీ ఇంకోటి... రోజంతా. ఒక్క ముఠాయే. ఆ ఒక్కడెవరో, ఏ ప్రోగ్రాం డిస్కుని ఎంత వాడుతోందో చూపించే ఐఓటాప్‌తో చూస్తే దొరికాడు: కాటా దగ్గర కెమెరా తీసిన నంబరు ప్లేట్ల ఫోటోలు చెడిపోలేదు కదా అని వరసపెట్టి సరిచూసే చిన్న స్క్రిప్టు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదట్నుంచీ. రెండేళ్ల ఫోటోలు. దాన్ని రాసినవాడికి ఆపడం గుర్తులేదు.

దాన్ని ఆపేశాను. మీటరు ఆకుపచ్చకి వచ్చింది, 2 శాతం. అల్లుడు గారి మొహం వెలిగింది. చీటీ? ఇరవై సెకన్లు.

అదీ అసలు విషయం. డిస్కుకీ చీటీకీ మధ్య ఉన్న సంబంధం మొదట్నుంచీ ఆ నాలుగైదు సెకన్లే. మిగతా ఇరవై వేరే చోట పోతున్నాయి. ప్రోగ్రాం కెర్నెల్‌ని ఏమేం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి బిల్లు ప్రోగ్రాం ఏం చేస్తోందో చూస్తే, చీటీ కొట్టే ముందు ఒక పాత కంప్యూటరు పేరుని నెట్‌వర్క్‌లో వెతుకుతోంది. ఆ కంప్యూటరు ఎప్పుడో పాత సామాన్ల వాడికి వెళ్లిపోయింది. పేరు చెప్తే అడ్రసు చెప్పాల్సిన డీఎన్‌ఎస్ సర్వరు కూడా మారింది, కొత్త అడ్రసు ఎవరూ ఎక్కించలేదు. లినక్స్‌లో మామూలుగా ఇలా అడిగితే 5 సెకన్లు ఆగి, జవాబు రాకపోతే ఇంకోసారి అడుగుతుంది. అది పది. ప్రోగ్రాం రెండుసార్లు వెతుకుతోంది. అది ఇరవై. ఫైల్లో ఒక వరస కొట్టేస్తే చీటీ చటుక్కున వచ్చింది. బయట వరసలో ఎవరో ఈల వేశారు.

డిస్కు మార్చినందుకు పూర్తిగా నష్టపోయారని అనను. పాత డిస్కు మీద ఆ స్క్రిప్టు నడుస్తుంటే డేటాబేసుకి నిజంగానే చుక్కలు కనపడి ఉంటాయి. కానీ వాళ్లు కొన్నది జవాబని కొన్నారు. దాళ్వా రద్దీలో నాలుగు రోజులు ఆ ఎర్ర రంగు కళ్ల ముందుండటం వల్ల ఇంకెక్కడా వెతకలేదు. అంకె చేసే చెడు ఇదే. అబద్ధం చెప్పదు, వెతకడం మాన్పిస్తుంది.

అందరూ ఇక్కడే "మాన్యువల్ చదవాలి" అని ముగించేస్తారు. నేను ముగించను, ఎందుకంటే ఎలాంటి మాన్యువల్ అన్నది ఇంకా తేలలేదు.

డిస్క్‌స్టాట్స్ గడుల అర్థం చెప్పే ఒక పాఠం కెర్నెల్‌తో పాటే వస్తుంది. 2003లో రిక్ లిండ్స్లీ రాశారు. చిన్నదే, టీ తాగేలోపు చదవొచ్చు. అందులో నాకు నచ్చింది గడుల వివరణ కంటే, వాటి లోపాలు ఒప్పుకున్న తీరు. ఈ అంకెలు మార్చేటప్పుడు తాళాలు వేయం, వేస్తే పని నెమ్మదిస్తుంది, కాబట్టి రెండు మార్పులు ఒకేసారి తగిలితే లెక్క కొంచెం తప్పొచ్చు అని రాసుంటుంది. పార్టిషన్లన్నీ కూడితే మొత్తం డిస్కుకి సమానం కావాలి గానీ, దగ్గరగా మాత్రమే రావచ్చు అని ఉంటుంది. అంకెలు పెరిగి పెరిగి మళ్లీ సున్నాకి తిరుగుతాయి, వాడుకునేవాళ్లు దానికి సిద్ధంగా ఉండండి అని ఉంటుంది. ఈ చివరి మాట నాకు అనుభవమైంది. మిల్లీసెకన్లని 32 బిట్లలో లెక్కపెడితే సుమారు 429 కోట్ల దగ్గర తిరగబడుతుంది. ఎప్పుడూ పనిలో ఉండే డిస్కుకి అది 49.7 రోజులు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఒక రాత్రి మా గ్రాఫులో డిస్కు పని కాలం మైనస్‌లోకి పోయింది. నలుగురం తెల్లారిందాకా కూర్చున్నాం. పాఠంలో ఒక్క వాక్యం.

ఇంకో మెచ్చుకోవాల్సిన గుణం, అందులో మార్పుల చరిత్ర ఉండటం. 4.18 కెర్నెల్‌లో డిస్కార్డ్‌లకి (ఇక అక్కర్లేని చోట్లేవో డిస్కుకి చెప్పడం) నాలుగు గడులు కలిపారు. 5.5లో ఫ్లష్‌లకి (ఆగి ఉన్న రాతల్ని డిస్కు మీద ఖాయం చేయించడం) రెండు కలిపారు. పదకొండు కాస్తా పదిహేడయింది. నా పాత స్క్రిప్టు ఒకటి "చివరి గడి తీసుకో" అని ఉండేది, పదకొండోదే చివరిదని నమ్మి. మెషీన్ అప్‌డేట్ చేశాక అది నోరు మెదపకుండా డిస్కార్డ్ కాలాన్ని పట్టుకొచ్చి క్యూ అని చూపించడం మొదలుపెట్టింది. తప్పు నాదే. గడి పేరు చూడకుండా చివర నిలబడ్డవాణ్ని పిలిచాను.

వీటన్నిటికంటే పెద్ద మార్పు మన పదో గడిలోనే జరిగింది. 2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నెల్ నుంచి ఆ గడి లెక్కపెట్టే పద్ధతి వేరు. అంతకు ముందు చేతిలో పని ఉన్న కాలాన్ని లెక్కపెట్టేది. అప్పట్నుంచి, ఏ జిఫ్ఫీలో అయినా ఒక పని మొదలైతేనో ముగిస్తేనో ఆ జిఫ్ఫీని లెక్కలో వేసుకుంటుంది. జిఫ్ఫీ అంటే కెర్నెల్ గడియారం కొట్టే ఒక టిక్కు. చాలా మెషీన్లలో 4 మిల్లీసెకన్లు. ఎస్సెస్డీ మీద పని 0.1 మిల్లీసెకనులో అయిపోయినా టిక్కు మొత్తం పద్దులో పడొచ్చు. ఇంకోవైపు ఎక్కువసేపు పట్టే పనులు ఒకేసారి నడుస్తుంటే కొంత కాలం లెక్కకి దొరక్కుండా పోవచ్చని కూడా పాఠంలోనే ఉంది. వేగం కోసం చేసిన మార్పు, నేను తప్పు పట్టను. తర్వాతి వెర్షన్లలో ఈ లెక్కకి మరమ్మతులూ జరిగాయి. కానీ గడి పేరు మారలేదు, మీటరు బొమ్మ మారలేదు, ఎర్ర రంగు మారలేదు. పాత మెషీన్ 30 శాతానికీ కొత్త మెషీన్ 60 శాతానికీ మధ్య పని తేడా ఏమీ లేకపోవచ్చు. ఆ సంగతి తెలియాలంటే ఒక్కటే చోటు, ఆ పాఠంలో రెండు వరసలు.

ఐఓస్టాట్‌లో ఎస్‌వీసీటీఎం అనే గడి ఉండేది, ఒక్కో పనికి డిస్కు వెచ్చించే కాలమని. దాని పక్కన మాన్యువల్లో ఏమని రాశారో తెలుసా? ఈ గడిని ఇక నమ్మొద్దు, ముందుముందు తీసేస్తాం అని. అన్నట్టే కొన్నేళ్లకి తీసేశారు. తాము చూపించే అంకెని తామే నమ్మొద్దని రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ నేను చూసినంతలో చాలా తక్కువ. ఎర్ర మీటర్ల వాళ్లు ఈ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు. అన్నట్టు ఇది లినక్స్ జబ్బు మాత్రమే అనుకోకండి. విండోస్‌లో డిస్క్ టైమ్ శాతం వంద దాటి కూడా చూపించగలదు. వందకి నూటయాభై ఎలా వస్తుందని అడిగితే మళ్లీ పాఠమే దిక్కు.

ఐఓవెయిట్ అనే ఇంకో అంకె గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, అదొక పెద్ద గొడవ. అది డిస్కు లెక్క కాదు, డిస్కు జవాబు కోసం చూస్తూ సీపీయూ ఖాళీగా కూర్చున్న కాలం లెక్క. లారీ కోసం చూస్తూ కూర్చున్న ముఠాకి "కాస్త కళ్లం ఊడవండర్రా" అని పని చెప్తే, కూర్చున్న కాలం తగ్గుతుంది. లారీ మాత్రం రాలేదు.

మనవాళ్లకి అంకెలు చదవడం రాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వరదల్లో మా వైపు ఏ టీకొట్టు దగ్గరైనా నిలబడి వినండి. భద్రాచలం దగ్గర 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులే మొదటి హెచ్చరిక. ఒకటే గోదారి. 43 ఎక్కడ, 11.75 ఎక్కడ, పైన అంత లోతుగా ఉండి కింద ఇంతేనా అని ఏ ఒక్కడూ కంగారు పడడు. ఏ గేజి సున్నా ఎక్కడుందో అడక్కపోయినా, రెండు పలకలూ వేరని తెలుసు. అడుగులు అడిగాక క్యూసెక్కులు అడుగుతారు. పది లక్షలకి మొదటిది, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది అని వేళ్ల మీద చెప్తారు. ఆ తర్వాత, "పైన తగ్గుతోందా, పెరుగుతోందా?" ఇదీ అసలు ప్రశ్న. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు చూసిన పెద్దవాళ్లు ఇప్పటి అంకెని దాని పక్కన పెట్టి చూస్తారు. మట్టం, ప్రవాహం, మొత్తం, పోలిక: నాలుగూ విడివిడిగా తెలిసిన మనిషి, డిస్కు దగ్గరకొచ్చేసరికి ఒక్క ఎర్ర మీటరుకి దడుచుకుంటున్నాడంటే తేడా మనిషిలో లేదు. వరదకి తరాలుగా నోటి పాఠం ఉంది. డిస్కుకి మనం రాయలేదు.

ఇదే మిల్లు గేటు దగ్గర రెండో రకం కూడా చూడొచ్చు, పాఠం లేని అంకె ఎంత గొడవ తెస్తుందో. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. ఊళ్లో మీటరు 17 అంటుంది, మిల్లు మీటరు 19 అంటుంది. రైతు, గుమాస్తా ఇద్దరూ అరుచుకుంటారు. ఇద్దరి మీటర్లూ మంచివే కావచ్చు. ఏ రకం గింజకి దాన్ని సరిచేశారు, గింజ ఇంకా ఎండ వేడి మీదుందా చల్లారిందా, బస్తాలో పైనుంచి తీశారా అడుగునుంచా: ఇవేవీ చీటీ మీద ఉండవు. ఒక్క అంకె ఉంటుంది. రెండు శాతం తేడాకి రైతు డబ్బు పోతుంది.

నా స్నేహితుడొకడు, ఇంకా హైదరాబాదులోనే ఉన్నాడు, ఈ వాదన విని నవ్వాడు. "ఒరేయ్, పదిహేడు గడులు చదువుకుంటూ కూర్చుంటే మిల్లు నడిచినట్టే. అందుకే కదా ఒక్క మీటరు చేసింది. డాక్టరు దగ్గరికెళ్తే జ్వరం ఎంత అంటాం గానీ థర్మామీటరు ఎలా పనిచేస్తుందని అడుగుతామా?" అన్నాడు. వాడి మాటలో సగం నిజముంది. మిల్లు గుమాస్తాకి జిఫ్ఫీ అక్కర్లేదు. కానీ థర్మామీటరు పోలికే వాడికి అడ్డం తిరుగుతుంది. మామూలు మనిషి ఒంటివేడి ఎంతో ఇంట్లో అమ్మమ్మకి కూడా తెలుసు. నీ డిస్కు మామూలుగా ఉన్నరోజు ఎంత చూపిస్తుందో నీకు తెలుసా అని అడిగితే వాడు మాట మార్చి, భీమవరంలో రొయ్య రేటు ఎంతుందని అడిగాడు.

ఆ మిల్లులో ఆ రోజు సాయంత్రం నేను చేసిన అసలు పని అదే. వంద పేజీల నోటు పుస్తకం తెప్పించి గీతలు గీశాను. రోజుకి రెండుసార్లు, పొద్దున కాటా తెరిచాక, సాయంత్రం రద్దీలో. నాలుగే గడులు: సెకనుకు ఎన్ని పనులు, చదువుడు ఎంతసేపు ఆగింది, రాత ఎంతసేపు ఆగింది, చీటీ ఎన్ని సెకన్లలో వచ్చింది. చివరిది గడియారం చూసి మనిషి రాసేది. నా దృష్టిలో మిగతా మూడిటికంటే అదే ముఖ్యం. శాతం గడి పెట్టలేదు. ఒక కమాండు రాసిచ్చాను, అది పది సెకన్లు ఆగి మొదటి పట్టీ వదిలేసి రెండోది మాత్రం చూపిస్తుంది. పుస్తకం మొదటి పేజీలో తెలుగులో అర పేజీ రాశాను: ఈ అంకె ఎక్కణ్నుంచి వస్తుంది, ఏ కెర్నెల్, ఏ డిస్కు, సెక్టారంటే ఎంత, ఏ అంకె దేనికి పనికిరాదు. ఇంగ్లీషులో రాస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. తెలుగులో గంటన్నర పట్టింది, ఎందుకంటే నాకే సగం అర్థం కాలేదని రాసేటప్పుడు తెలిసింది. "క్యూలో ఉన్న కాలం కూడా ఇందులో కలిసే ఉంటుంది" అన్న వాక్యం మూడుసార్లు కొట్టేశాను.

చివర ఒక పెద్ద గడి వదిలి రిమార్కులు అని రాశాను. గుమాస్తా గారికి అరవై దాటి ఉంటాయి. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఆయ్, ఇందులో ఏం రాయాలండి?" అన్నారు. కరెంటు పోయి వచ్చినా, కొత్త కెమెరా పెట్టినా, ఎవరైనా వచ్చి ఏదైనా మార్చినా రాయండి అన్నాను. ఆయనకి మొదటి మూడు అంకెల మీద పెద్ద గురి కుదరలేదు గానీ, ఆ గడి మాత్రం నచ్చింది. రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే అంకెల పక్కన ఆయన రాత ముత్యాల్లా ఉంది. "గాలివాన. 3 గంటలు జనరేటరు." "అల్లుడు గారు ఫోటోలు కాపీ చేసుకున్నారు." "తవుడు దుమ్ము దులిపించాను, ఫ్యాను మోత తగ్గింది."

పోయిన సార్వాలో (మొదటి పంటలో) ఒక పొద్దున ఆయనే ఫోన్ చేశారు.

"ఏవండీ, రాత ఆగే అంకె నిన్నటికి రెట్టింపుంది. చీటీ మామూలుగానే వస్తోంది. కరెంటు పోలేదు, ఇక్కడెవరూ ఏం మార్చలేదు. రిమార్కుల్లో ఏం రాయాలో తోచట్లేదు. మీరేమైనా చేశారా?"

చేశాను. ముందురోజు రాత్రి తణుకులో ఇంట్లో కూర్చుని, బ్యాకప్ వేళ తెల్లవారుజాము నుంచి పొద్దున ఎనిమిదికి జరిపాను. ఎవరికీ చెప్పలేదు.

ఆయన తేదీ, టైము అడిగి, నా పేరు స్పెల్లింగు కూడా అడిగి రాసుకుని, ఫోన్ పెట్టేశారు.